చేతులు మారే పిల్లలు: ఫోస్టర్ కేర్‌లో అనుబంధం ఎక్కడ తెగుతుంది, ఎలా అతుకుతుంది

ఫోస్టర్ కేర్, అంటే సొంతింట్లో ఉండలేని బిడ్డను కొంతకాలం వేరే కుటుంబంలో పెంచడం, మాట వచ్చినప్పుడల్లా రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. కన్నతల్లికి దూరమైన బిడ్డకు ఎవరెంత చేసినా ఆ లోటు తీరదని కొందరంటారు. పసిపిల్లలకేం తెలుసు, నాలుగు రోజులు ఏడ్చి మర్చిపోతారని మరికొందరు. మొదటి మాటను పరిశోధన చాలావరకు తోసిపుచ్చింది. రెండోది మాత్రం ఇప్పటికీ ఆఫీసుల్లో నిర్ణయాలను నడిపిస్తోంది. ఈ ఇంట్లో కుదరలేదా, ఇంకో ఇంట్లో పెడదాం. ఈ ఆయా మానేసిందా, కొత్తామె వస్తుందిలే. పిల్లల అనుబంధాలకు ఎక్కువ చేటు చేసేది ఈ తేలికభావమే.

దత్తతలో చట్టం ముందు తల్లిదండ్రులు మారిపోతారు, ఫోస్టర్ కేర్‌లో మారరు. సొంతింట్లో ఉండటం బిడ్డకు క్షేమం కాదని కోర్టు గానీ, మన దగ్గరైతే బాలల సంక్షేమ సమితి గానీ తేల్చినప్పుడు కొంతకాలం వేరే కుటుంబంలో ఉంచుతారు. ఖర్చుకు ప్రభుత్వం నెలనెలా సాయం చేస్తుంది. కన్నవాళ్లు కుదుటపడితే బిడ్డ తిరిగి వెళ్తుంది. కాబట్టి ఫోస్టర్ తల్లిదండ్రులను మనం అడుగుతున్నది చాలా కష్టమైన పని: కన్నబిడ్డలా చూసుకోండి, అడిగినరోజు అప్పగించండి. ఈ వ్యవస్థలోని చిక్కులు చాలావరకు ఆ ఒక్క వాక్యంలోంచే పుడతాయి.

ఫోస్టర్ కేర్‌లో పెరిగిన పిల్లల్లో కనిపించే ఇబ్బందులన్నీ దానివల్లే వచ్చాయనుకోవడం కూడా పొరపాటు. ఆ గడప తొక్కేసరికే బిడ్డ ఆకలో, దెబ్బలో, తండ్రి తాగుడో, తల్లి జబ్బో చూసి ఉంటుంది. ఆ తర్వాత విడదీయడం అనే దెబ్బ. ఆపైన కొత్త ఇల్లు. దేని వాటా ఎంతో విడదీసి కొలవడం కష్టం. అమెరికా ఆర్థికవేత్త జోసెఫ్ డాయిల్ 2007లో ఇల్లినాయ్ రికార్డులతో ఒక ఉపాయం పన్నాడు. ఒకేలాంటి కేసులో కొందరు విచారణాధికారులు బిడ్డను తీసుకెళ్లడానికి మొగ్గుతారు, కొందరు ఇంట్లోనే ఉంచుతారు. కేసు ఎవరి చేతికొస్తుందన్నది ఇంచుమించు లాటరీయే. ఆ తేడాను పట్టుకుని చూస్తే, అటో ఇటో అన్నట్టున్న కేసుల్లో ఇంట్లో ఉండిపోయిన పిల్లలే పెద్దయ్యాక మెరుగ్గా ఉన్నారు. అదే పద్ధతిలో మిషిగన్ రికార్డులపై తర్వాత జరిగిన అధ్యయనంలో ఫలితం తిరగబడింది. తీసుకెళ్లిన పిల్లలపై మళ్లీ హింస జరగడం తగ్గింది, బడికి వెళ్లడం పెరిగింది. అక్కడ ఎక్కువమంది కొంతకాలానికి, కుదుటపడిన కన్నవాళ్ల దగ్గరికే తిరిగి చేరారు. అందుకే ‘ఫోస్టర్ కేర్ మంచిదా, చెడ్డదా’ అని అడిగితే జవాబు దొరకదు. ఏ వయసులో, ఎవరి దగ్గర, ఎన్నిసార్లు అని అడిగితే దొరుకుతుంది.

అసలు అనుబంధం అంటే ఏమిటి?

మనస్తత్వ శాస్త్రంలో ఈ మాటకు మామూలు వాడుక కన్నా ఇరుకైన అర్థం ఉంది. ప్రేమ ఎంతుందన్నది కాదు ఇక్కడి లెక్క. భయమేసినప్పుడు, నొప్పి పుట్టినప్పుడు, అలసిపోయినప్పుడు ఎవరి దగ్గరికి పరుగెత్తాలో, పరుగెత్తితే ఏం జరుగుతుందో బిడ్డకు ఎంత నమ్మకంగా తెలుసన్నదే లెక్క. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికతో ఈ ఆలోచన ప్రపంచం ముందుకొచ్చింది. ఆరేడు నెలల దాకా బిడ్డ ఎవరెత్తుకున్నా పెద్దగా అభ్యంతరం చెప్పదు. ఆ తర్వాత కొత్తముఖం చూస్తే ఏడుపు, తెలిసిన చంక కోసం చేతులు చాచడం మొదలవుతాయి. పెద్దలు దీన్ని ‘మనుషుల్ని గుర్తుపట్టడం’ అంటారు. అనుబంధం కుదురుకుంటోందనడానికి అదే గుర్తు. ఆరు నెలల నుంచి రెండు, మూడేళ్ల మధ్య విడిపోవడం ఎక్కువగా బాధించేది కూడా అందుకే: బిడ్డకు మనిషి కావాలని తెలుసు, ఆ మనిషి ఎందుకు లేదో అర్థం చేసుకునే మాటలు మాత్రం ఇంకా రాలేదు.

దీన్ని గమనించే పద్ధతిని మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ రూపొందించింది. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు బిడ్డ, తల్లి, ఒక కొత్త మనిషి, కొన్ని బొమ్మలున్న గది, సుమారు 20 నిమిషాలు. తల్లి రెండుసార్లు బయటికి వెళ్లి వస్తుంది. వెళ్లినప్పుడు ఏడ్చిందా లేదా అన్నదానికి పెద్ద విలువ లేదు. తిరిగొచ్చినప్పుడు ఏం చేసిందన్నదే ముఖ్యం. దగ్గరికొచ్చి, ఓదార్పు తీసుకుని, మళ్లీ ఆటలో పడితే అది సురక్షిత అనుబంధం. కొందరు పిల్లలు తల్లి వచ్చినా పట్టనట్టు బొమ్మలతోనే ఉండిపోతారు. కొందరు ఎత్తుకోమని ఏడుస్తారు, ఎత్తుకుంటే తంతారు. ఈ రెండూ జబ్బులు కావు. ఆ ఇంట్లో నెగ్గుకురావడానికి బిడ్డ నేర్చుకున్న పద్ధతులు. ఆందోళన పడాల్సింది నాలుగో రకం గురించి. తల్లి వైపు నాలుగడుగులు వేసి మధ్యలో బిగుసుకుపోవడం, దగ్గరికొస్తూ ముఖం అటు తిప్పుకోవడం, నేలకు కరుచుకుపోవడం. ఓదార్చాల్సిన మనిషే భయపెట్టినప్పుడో, ఓదార్చే మనిషి స్థిరంగా లేనప్పుడో బిడ్డ దగ్గర ఏ పద్ధతీ మిగలదు. దీన్నే అస్తవ్యస్త అనుబంధం అంటారు.

ఇక్కడ మన ఇళ్ల సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఉమ్మడి కుటుంబంలో పదిమంది చేతుల్లో పెరిగిన బిడ్డకు ఏమీ కాలేదు కదా, అనాథాశ్రమం లాంటి సంస్థలో ఆయాలు మారితే నష్టమేమిటని అడుగుతారు. నాయనమ్మ, పిన్ని, మేనత్త పదిమంది కావచ్చు, కానీ రేపూ ఉండేది ఆ పదిమందే. పైగా ఆ పదిమందిలో నిద్రొస్తే ఎవరి ఒడి కావాలో బిడ్డ ఎప్పుడో తేల్చుకుని ఉంటుంది. షిఫ్టులో వచ్చిపోయే ఆయా చేతిలో ఒకేసారి పదిహేను మంది ఉంటే ఆ ఎంపికకే చోటుండదు.

బుకారెస్ట్ చెప్పింది

ఈ విషయంలో ప్రపంచానికున్న గట్టి ఆధారం రుమేనియా నుంచి వచ్చింది. నికోలాయ్ చౌషెస్కు ప్రభుత్వం జనాభా పెంచాలని 1966లో గర్భస్రావాన్ని నిషేధించింది, గర్భనిరోధకాలు దొరక్కుండా చేసింది. సాకలేని కుటుంబాలు బిడ్డలను ప్రభుత్వ గృహాల్లో వదిలాయి. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలేనాటికి అక్కడ లక్షమందికి పైగా పిల్లలున్నారు. అమెరికా పరిశోధకులు చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా 2000లో రాజధాని బుకారెస్ట్ గృహాల నుంచి 6 నుంచి 31 నెలల వయసున్న 136 మందిని తీసుకుని, చీటీలు వేసినట్టుగా రెండు జట్లు చేశారు. 68 మంది ఫోస్టర్ కుటుంబాలకు వెళ్లారు. మిగతా 68 మందికి అప్పటిదాకా ఉన్న ఏర్పాటే కొనసాగింది. నగరంలో అప్పటికి ఫోస్టర్ కేర్ లేనట్టే కాబట్టి పరిశోధకులే 56 కుటుంబాలను వెతికి, జీతమిచ్చి, సామాజిక కార్యకర్తలను తోడు పెట్టారు. గృహంలో ఉండిపోయిన బిడ్డకు తర్వాత ఏ కుటుంబమైనా దొరికితే అడ్డుచెప్పకూడదన్నది నియమం. అయినా ఇలా చీటీలు వేయడం న్యాయమేనా అన్న చర్చ నేటికీ ఉంది, ఉండాలి కూడా.

మొదలుపెట్టేనాటి పరిస్థితి చూడండి. కుటుంబాల్లో పెరుగుతున్న పిల్లలందరికీ ఎవరో ఒకరితో పూర్తిగా ఏర్పడిన అనుబంధం ఉంది. గృహాల్లోని పిల్లల్లో అలాంటివాళ్లు నూటికి ముగ్గురు. మూడున్నరేళ్ల వయసులో మళ్లీ చూసినప్పుడు గృహాల జట్టులో సురక్షిత అనుబంధం ఉన్నవాళ్లు సుమారు 18%, ఫోస్టర్ కుటుంబాల జట్టులో 49%, పుట్టినప్పటి నుంచీ ఇంట్లోనే పెరిగినవాళ్లలో 65%. లోటు పూర్తిగా తీరలేదు గానీ చాలావరకు తీరింది. రెండేళ్లు నిండకముందే కుటుంబంలోకి వెళ్లినవాళ్లకు ఎక్కువ తీరింది.

అసలు పాఠం ఇంకాస్త లోతులో ఉంది. సంస్థల్లో పెరిగిన పిల్లల్లో రెండు రకాల ఇబ్బంది కనిపిస్తుంది. ఒకటి ముడుచుకుపోవడం: దెబ్బ తగిలినా ఎవరి దగ్గరికీ రాకపోవడం, ఓదార్చినా కరగకపోవడం. రెండోది దీనికి విరుద్ధం: ఎవరొచ్చినా మెడకు చుట్టుకోవడం, ముక్కూమొహం తెలియని మనిషి వెంట వెళ్లిపోవడం. 2013లో అమెరికా మనోవైద్య సంఘం ఈ రెంటినీ వేర్వేరు రుగ్మతలుగా వర్గీకరించింది. ఫోస్టర్ ఇంట్లో చేరాక మొదటిది త్వరగానే తగ్గింది, రెండోది మొండికేసింది. నాలుగున్నరేళ్ల వయసులో ఒక పరీక్ష చేశారు: తలుపు తట్టిన కొత్త మనిషి ‘నాతో రా, నీకొకటి చూపిస్తా’ అంటే ఎవరు వెళ్తారు? గృహాల జట్టులో సగానికి కాస్త తక్కువమంది, ఫోస్టర్ జట్టులో దాదాపు నాలుగోవంతు వెళ్లారు. ఇళ్లలో పెరిగినవాళ్లలో నూటికి ముగ్గురు నలుగురే వెళ్లారు.

మన దగ్గర ఈ రెండో రకం బిడ్డ మెప్పు పొందుతుంది. ఇంటికొచ్చిన అతిథి ఒళ్లో ఎక్కి కూర్చుంటే ‘ఎంత కలుపుగోలు పిల్లో’ అంటారు. ఫోస్టర్ ఇంట్లో చేరిన వారానికే బిడ్డ ‘అమ్మా’ అని చుట్టేసుకుంటే అలవాటైపోయిందని ఫైల్లో రాసేస్తారు. పక్కింటామెనీ, ఆటో అతన్నీ అలాగే చుట్టేసుకుంటోందా అన్నది చూడాలి. చుట్టేసుకుంటుంటే మొదటి కొన్ని నెలలు ఎత్తుకోవడం, అన్నం తినిపించడం, ఓదార్చడం ఇంట్లో ఒకరిద్దరే చేయాలి. చుట్టాలకు ముందే చెప్పి ఉంచాలి: పలకరించండి, ఒళ్లో కూర్చోబెట్టుకోకండి, మిఠాయి నేరుగా బిడ్డ చేతికివ్వకండి, వాళ్లమ్మ చేతికివ్వండి. చుట్టాలు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వాలి.

బుకారెస్ట్ పిల్లల్ని 8, 12, 16 ఏళ్ల వయసుల్లోనూ పరీక్షించారు. మొదట చేరిన ఫోస్టర్ కుటుంబంలోనే ఉండిపోయినవాళ్లు, మధ్యలో ఇల్లు మారినవాళ్ల కన్నా మెరుగ్గా ఉన్నారు. ప్రయోగం వల్ల దక్కిన లాభంలో మంచి వాటా ఈ స్థిరత్వానిదే.

ఇంటి లోపల జరిగేది

కొత్త ఇంట్లో చేరిన బిడ్డ ఎన్నాళ్లకు దగ్గరవుతుంది? డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసే మేరీ డోజియర్ బృందం ఫోస్టర్ తల్లులతో రోజువారీ డైరీలు రాయించి దీన్ని గమనించింది. ఏడాదిలోపు చేరిన పసివాళ్లు, ఓదార్చడం తెలిసిన తల్లి దొరికితే, రోజుల్లోనో వారాల్లోనో ఆమెను వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఏడాది దాటాక వచ్చినవాళ్లు అలా కాదు. తోసేస్తారు, తిరగబడతారు, పట్టనట్టుంటారు. అప్పుడు పెద్దవాళ్లు కూడా తెలియకుండానే బిడ్డ తీరునే తిరిగి చూపిస్తారు. బిడ్డ పట్టించుకోకపోతే తల్లి దూరం జరుగుతుంది, బిడ్డ కోప్పడితే తల్లీ చిరాకు పడుతుంది. కావాలని ఎవరూ చేయరు. కానీ ‘నన్నెవరూ ఓదార్చరు’ అన్న బిడ్డ పాత లెక్క మరోసారి నిజమై కూర్చుంటుంది.

ఒక దృశ్యం తీసుకుందాం. ఫోస్టర్ ఇంటికొచ్చి నెలైన నాలుగేళ్ల పిల్లాడు అరుగు మీంచి పడ్డాడు. మోకాలు చీరుకుపోయి రక్తం వస్తోంది. ఏడవలేదు. లేచి, మట్టి దులుపుకుని, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ‘వీడు గట్టిపిండం, నొప్పే తెలీదు’ అనుకుని ఆమె మళ్లీ పనిలో పడింది. నొప్పి వాడికి బాగానే తెలుసు. తెలియనిది, నొప్పి పుడితే మనిషి దగ్గరికి వెళ్లాలని. ఆ క్షణంలో చేయాల్సింది చిన్న పనే. చేతిలో పని పక్కన పెట్టి వాడి ఎత్తుకు కిందికి కూర్చోవాలి. ‘అబ్బో, గట్టిగానే తగిలిందిరా కన్నా’ అనాలి. దగ్గరికి లాక్కోకుండా, చేయి అందేంత దూరంలో ఉండి దెబ్బ కడగాలి. తోసేస్తే రెండడుగులు వెనక్కి జరిగి అక్కడే ఉండాలి. వాడు అడగకపోయినా అడిగినట్టే స్పందించాలి. ఒకసారికి ఏమీ మారదు. ఇలాంటివి రోజుకు నాలుగైదు జరుగుతాయి, నెలల తరబడి జరగాలి.

డోజియర్ బృందం దీన్నే శిక్షణగా మలిచింది. శిక్షకురాలు ఇంటికే వస్తుంది, గంట చొప్పున పదిసార్లు. నేర్పేది ముఖ్యంగా మూడు: బిడ్డ బాధలో ఉంటే, తోసేస్తున్నా సరే, ఓదార్చడం, ఆటలో బిడ్డ దారిలో నడుస్తూ సంతోషం పైకి చూపించడం, భయపెట్టే చేష్టలు మానడం. మూడోది మన ఇళ్లలో కష్టం. ‘బూచోడొస్తాడు’, ‘పోలీసులకు పట్టిస్తా’, ‘మళ్లీ హోమ్‌లో వదిలేస్తా’ అన్నం తినిపించేటప్పుడు అలవాటుగా దొర్లే మాటలు. మామూలు బిడ్డ నవ్వేస్తుంది. నిజంగానే హోమ్ నుంచి వచ్చిన బిడ్డకు చివరిది బెదిరింపు కాదు, ఒకసారి జరిగిన సంగతి. ఈ శిక్షణలో ఉపన్యాసం తక్కువ. తల్లి సరిగ్గా చేసిన క్షణంలోనే ‘వాడు మీ వైపు చూశాడు, మీరు వెంటనే వంగారు, చూశారా’ అని చెప్పడమే అసలు పని.

ఇంకో రెండు ఇబ్బందులు దాదాపు ప్రతి ఇంట్లో వస్తాయి. తిండి దాచుకోవడం ఒకటి. దిండు కింద బిస్కెట్లు, సంచిలో ఎండిన ఇడ్లీ దొరుకుతాయి. ఇది దొంగతనం కాదు, రేపటి మీద నమ్మకం లేకపోవడం. తిడితే దాచే చోటు మారుతుంది, అంతే. మూతపెట్టిన డబ్బా ఒకటి బిడ్డ పేరున అందేచోట పెట్టి, అందులో అరటిపండో, వేరుశనగ ఉండో, మరమరాలో ఎప్పుడూ ఉండేలా చూసి, ఖాళీ అయితే వ్యాఖ్యానం చేయకుండా నింపాలి. రెండోది పిలుపు. ఫోస్టర్ తల్లిని ‘అమ్మా’ అని పిలవమని పట్టుబట్టకూడదు. పిలిస్తే కన్నతల్లికి ద్రోహం చేసినట్టు బిడ్డకు అనిపిస్తుంది. పెద్దమ్మ, పిన్ని, అత్త అనే పిలుపులు మన ఇళ్లలో ఉండనే ఉన్నాయి. అమ్మతనమూ ఉంటుంది, అమ్మ స్థానం ఖాళీగానూ ఉంటుంది. ఆదిలాబాద్ వైపు గోండి, కొలామీ, లంబాడీ మాట్లాడే ఇంటి నుంచి తెలుగింటికి వచ్చిన బిడ్డయితే నీళ్లకీ, నొప్పికీ, మూత్రానికీ వాళ్లింట్లో ఏమనేవారో మొదటిరోజే కనుక్కుని రాసుకోవాలి. నొప్పి చెప్పుకునే మాటే పోతే ఓదార్పు అడిగే దారి కూడా పోతుంది.

కన్నతల్లి వచ్చి చూసి వెళ్లిన రాత్రి బిడ్డ పక్క తడుపుతుంది, అన్నం విసిరేస్తుంది. ‘ఆమె వచ్చిన ప్రతిసారీ ఇదే గోల, ఇక రానివ్వకండి’ అని ఫోస్టర్ ఇంటివాళ్లు ఫోన్ చేస్తారు. ఆ గోలకు చాలాసార్లు కారణం కలవడం కాదు, మళ్లీ విడిపోవడం. కలవడం ఆపేస్తే గోల ఆగుతుంది, దుఃఖం లోపలికి పోతుంది. ముందు మార్చి చూడాల్సింది ఏర్పాట్లను. కలిసే రోజు, గంట ఒకటే ఉండాలి. వస్తానని రాకపోవడమే అన్నిటికన్నా చెడ్డది కాబట్టి తల్లి బయల్దేరిందని తెలిశాకే బిడ్డకు చెప్పాలి. ఆఫీసు గదిలో బల్లకటూ ఇటూ కూర్చోబెట్టే బదులు కలిసి తినే, ఆడే వీలుండాలి. వెళ్లేముందు మళ్లీ ఎప్పుడో చెప్పాలి. ఆ సాయంత్రం బడిపని, మందలింపులు వద్దు. తల్లి కొడుతుంటేనో, బెదిరిస్తుంటేనో అది వేరే కేసు, అప్పుడు ఆపాల్సిందే.

మార్పు తప్పనిసరైతే

అమెరికాలో డేవిడ్ రూబిన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఫోస్టర్ కేర్‌లో స్థిరత్వం దొరకని పిల్లలకు ప్రవర్తన సమస్యల ముప్పు 36 నుంచి 63 శాతం ఎక్కువని తేలింది. గడుసు పిల్లలే ఎక్కువ ఇళ్లు మారతారు కాబట్టి ఈ తేడా అనుకోవచ్చు. వాళ్లు ఆ సంగతీ లెక్కలోకి తీసుకున్నారు. వచ్చినప్పుడు ఏ సమస్యా లేని పిల్లలకు కూడా ఇళ్లు మారడంతో ముప్పు పెరిగింది. ఒక్కో మార్పూ తర్వాతి తల్లి పనిని ఇంకాస్త కష్టం చేస్తుంది, కష్టమైన పిల్లల్ని త్వరగా తిప్పి పంపేస్తారు. ఈ చక్రం మూడో ఇంటికల్లా వేగం అందుకుంటుంది. ఇక్కడ ఫోస్టర్ తల్లి మనసు కూడా లెక్కే. బిడ్డను మనసారా సొంతం చేసుకున్న తల్లుల దగ్గర ఏర్పాటు నిలబడుతుందని, ఎక్కువమంది బిడ్డలను పెంచి పంపిన తల్లుల్లో ఆ పట్టు తగ్గుతుందని డోజియర్ అధ్యయనాలు గమనించాయి. ఎన్నిసార్లని మనసు కోసుకుంటారు? దీన్ని వాళ్ల లోపంగా చూడటం అన్యాయం. ఒక ఇంటికి ఎంతమంది పిల్లల్ని పంపుతున్నామన్నది వ్యవస్థ తీసుకునే నిర్ణయం.

మార్చక తప్పనప్పుడు ఒక్కపూటలో జీపెక్కించి పంపడమే అన్నిటికన్నా హీనమైన పద్ధతి. ప్రాణాపాయం లేకపోతే కనీసం రెండు వారాలు తీసుకోవచ్చు. మొదటి రెండు మూడుసార్లు కొత్తవాళ్లే బిడ్డ ఉన్న ఇంటికి రావాలి, పాతతల్లి పక్కనుండాలి. తర్వాత అన్నం తినిపించడం, స్నానం లాంటివి పాతతల్లి ఎదుటే కొత్తతల్లి చేయాలి. ‘ఈమె మంచిదే’ అన్న అనుమతి బిడ్డకు పాతతల్లి ముఖంలోంచే అందుతుంది. ఆపైన కొత్తింట్లో పగలంతా, తర్వాత ఒక రాత్రి, ఆ తర్వాతే మకాం. వెంట వెళ్లాల్సినవి: ఉతకని దుప్పటి, ఇష్టమైన బొమ్మ, టీకాల కార్డు, ఎలా నిద్రపుచ్చాలో, ఏం తింటుందో, ముద్దుగా ఏమని పిలుస్తారో రాసిన కాగితం, ఫొటోలు. వెళ్లాక వారంలోపు పాతతల్లి ఫోన్‌లోనైనా కనబడాలి. ‘కనబడితే బెంగ పెట్టుకుంటుంది, వద్దు’ అనే పాత సలహా తప్పు. కనబడకపోతే బిడ్డ తేల్చుకునేది ఒక్కటే: ఆమె చచ్చిపోయింది, లేదా నేను చెడ్డదాన్ని.

పెద్దయ్యాక

చిన్ననాటి అనుబంధం పెద్దయ్యాక ప్రేమను, పెళ్లిని నిర్ణయిస్తుందని సోషల్ మీడియాలో తేల్చి చెప్పేస్తుంటారు. దీర్ఘకాల అధ్యయనాల్లో సంబంధం ఉంది గానీ మధ్యస్థంగానే ఉంది. మధ్యలో దొరికిన స్నేహితులు, ఒక టీచరు, మంచి జీవితభాగస్వామి దాన్ని మార్చగలరు.

మనోవైద్యుడు మైకేల్ రటర్ మొదలుపెట్టిన బ్రిటిష్ అధ్యయనం రుమేనియా నుంచి దత్తత వచ్చిన 165 మందిని యవ్వనం దాకా వెంబడించింది. ఆరు నెలలలోపు వచ్చినవాళ్లు మిగతా పిల్లలతో సమానంగా ఎదిగారు. ఆరు నెలలు దాటి సంస్థలో గడిపినవాళ్లలో కొత్తవాళ్ల దగ్గర హద్దు తెలియకపోవడం, ధ్యాస నిలవకపోవడం లాంటివి పెద్దయ్యాకా కొనసాగాయి. అయితే అలాంటి ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏ దశలోనూ ఏ సమస్యా రాలేదు. బుకారెస్ట్‌లోనూ ఆడపిల్లల్లో ఏర్పడిన సురక్షిత అనుబంధం, తర్వాత దిగులు, ఆందోళనల నుంచి కాపాడిన కారణంగా కనిపించింది.

హద్దు తెలియని బాల్యం కౌమారంలో రూపం మార్చుకుంటుంది. పరిచయమైన రెండో రోజే మనసులో రహస్యమంతా చెప్పేయడం, లోతులేని స్నేహాలు, వాడుకునేవాళ్ల చేతికి తేలిగ్గా చిక్కడం. ముడుచుకుపోయిన బాల్యం ఇంకో రూపం తీసుకుంటుంది: ఎవరైనా దగ్గరవుతున్నకొద్దీ గొడవ పెట్టుకుని తెంచేసుకోవడం, వదిలేయబడే లోపు తానే వదిలేయడం. పదమూడేళ్ల పిల్ల ఫోస్టర్ ఇంట్లో అన్నీ బాగున్న నెలలోనే పారిపోతే ‘విశ్వాసం లేదు’ అంటారు. బాగుండటమే ఆమెకు భయం. అమెరికాలో ఇల్లినాయ్, విస్కాన్సిన్, అయోవాల్లో ఫోస్టర్ కేర్ నుంచి బయటికొచ్చిన యువతను వెంబడించిన మిడ్‌వెస్ట్ అధ్యయనంలో, 19 ఏళ్లకే దాదాపు సగంమంది అమ్మాయిలు ఒకసారైనా గర్భం దాల్చారు. తనదంటూ ఒక కుటుంబం కావాలన్న ఆత్రం అందులో కొంత ఉంటుంది. అదే అధ్యయనంలో ఎక్కువమంది కన్నవాళ్లలోనో తోబుట్టువుల్లోనో ఎవరో ఒకరితో దగ్గరగానే ఉన్నారు. ఏళ్ల తరబడి వ్యవస్థ దూరంగా ఉంచిన మనుషుల్నే పద్దెనిమిది దాటగానే వెతుక్కుంటూ వెళ్లారన్నమాట. తోబుట్టువులను ఒకేచోట ఉంచాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

మన చట్టం, మన వీలు

మన దేశంలో 2015 బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ ఫోస్టర్ కేర్‌ను చెబుతుంది. బాలల సంక్షేమ సమితి ఆదేశం ఉండాలి, తోబుట్టువులను కలిపి ఉంచే ప్రయత్నం చేయాలి, బిడ్డ క్షేమానికి విరుద్ధం కాకపోతే కన్నవాళ్లు వచ్చి చూడవచ్చు, సమితి ప్రతి నెలా ఆ ఇంటిని తనిఖీ చేయాలి. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు రూ.4,000 ఇస్తారు. 2024లో సవరించిన నమూనా మార్గదర్శకాల ప్రకారం 35 నుంచి 60 ఏళ్ల ఒంటరి వ్యక్తులు కూడా ముందుకు రావచ్చు. ఒంటరి పురుషుడికి మగపిల్లల్నే అప్పగిస్తారు. రెండేళ్లు పెంచిన కుటుంబమే ఆ బిడ్డను దత్తత కోరవచ్చు. ఇంతకుముందు ఇది ఐదేళ్లు. అనుబంధం దృష్ట్యా ఈ మార్పు చాలా మంచిది.

ఇబ్బంది వయసు దగ్గర ఉంది. ఆ మార్గదర్శకాలు ప్రధానంగా ఆరేళ్లు దాటిన పిల్లల కోసం. పసివాళ్లకు దత్తతే దారి అన్నది ఆలోచన. విడిచిపెట్టిన బిడ్డ అయితే రెండేళ్లలోపు వయసుకు రెండు నెలల్లో, పైబడితే నాలుగు నెలల్లో దత్తతకు అర్హత తేల్చాలి. బాగానే ఉంది. కానీ తల్లి జైల్లోనో, మానసిక ఆసుపత్రిలోనో ఉండి, బిడ్డను వదులుకోనంటే? ఆ పసిబిడ్డ దత్తతకు వెళ్లదు, ఫోస్టర్ కేర్‌కు వయసు చాలదు, శిశుగృహలో షిఫ్టుల మధ్య పెరుగుతుంది. బుకారెస్ట్ లెక్కలు అన్నిటికన్నా విలువైనవని చెప్పిన మొదటి రెండేళ్లు సరిగ్గా అక్కడే గడిచిపోతాయి. కొద్దికాలపు ఫోస్టర్ కేర్‌ను ఈ వయసుకే ముందుగా తేవాలి. అది వచ్చేదాకా ఒక్కో బిడ్డకు ఇద్దరు ఆయాలను పేరుపేరునా కేటాయించి, స్నానం, తిండి, నిద్ర వాళ్ల చేతుల మీదుగానే జరిగేలా డ్యూటీ చార్టు రాస్తే కొత్త బడ్జెట్ అక్కర్లేకుండానే కొంత మేలు.

అన్నిటికన్నా చవకైన దారి బిడ్డను తెలిసిన మనుషుల దగ్గరే ఉంచడం. బంధువుల ఇళ్లలో పెరిగే పిల్లలకు ఇళ్లు మారడం, ప్రవర్తన సమస్యలు తక్కువని అధ్యయనాల సమీక్షలు చెబుతున్నాయి. తల్లి పోతే అమ్మమ్మ పెంచడం మన పల్లెల్లో ఎవరూ చెప్పకుండానే జరుగుతుంది. ఆ అమ్మమ్మకు పింఛను తప్ప ఆధారం ఉండదు, బిడ్డ హాస్టల్‌కో హోమ్‌కో చేరడానికి చాలాసార్లు డబ్బే కారణం. 45వ సెక్షన్ కింద స్పాన్సర్‌షిప్, అంటే బిడ్డ ఇంట్లోనే ఉండేలా ఇచ్చే డబ్బు సాయం, ఇలాంటి ఇళ్లకే. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. ఎక్కడుందో తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు.

ఇక పద్దెనిమిదేళ్ల సంగతి. ఇల్లినాయ్‌లో 21 ఏళ్ల దాకా వ్యవస్థలోనే ఉండనిచ్చిన యువత, పద్దెనిమిదికే బయటపడ్డవాళ్ల కన్నా చదువులో ముందున్నారు. మన చట్టంలోనూ ఆ తర్వాతి సంరక్షణ 21 ఏళ్ల దాకా ఉంది. అయితే 46వ సెక్షన్ మాట్లాడేది ‘సంరక్షణ సంస్థ’ నుంచి బయటికొచ్చే పిల్లల గురించి. ఫోస్టర్ ఇంట్లో పద్దెనిమిది నిండిన అమ్మాయికి అదే సాయం అందాలంటే ఆమె ఫైలు పుట్టినరోజుకు ఆర్నెల్ల ముందే సమితి బల్ల మీదికి రావాలి. ఆమె ఎక్కడ ఉంటుందో, ఫీజు ఎవరు కడతారో, ఫోస్టర్ కుటుంబం ఉంచుకుంటానంటే నెలసాయం కొనసాగుతుందో లేదో రాతపూర్వకంగా తేల్చుకోవాలి.